పడవ మీది ఆ కడ్డీ చెవియా, నోరా?

మాటలకు కూడ ఊళ్ళు తిరిగే అలవాటు ఉన్నది. ‘యాంటెన్నా’ అనే మాటనే చూడండి. లాటిను భాషలో దానికి మొదటి అర్థం తెరచాపను మోసే అడ్డకర్ర. పదునైదవ శతాబ్దంలో అరిస్టాటిలు జంతుశాస్త్రాన్ని గ్రీకు నుంచి లాటినులోనికి తెచ్చిన థియొడోరస్ గాజా కీటకాల తలమీది మీసాలకు ఆ మాటను వాడినాడు. పందొమ్మిదవ శతాబ్దం చివర మార్కోని తన తంతిలేని వార్తా ప్రయోగాలలో తీగను గుడారపు కొయ్యకు కట్టినాడని, ఇటాలియను భాషలో ఆ కొయ్యకు ఉన్న పేరే తీగకు కూడ సంక్రమించినదని చెబుతారు. పడవ మీద పుట్టిన మాట పురుగుల తలలమీదుగా, గుడారపు కొయ్యల మీదుగా తిరిగి తిరిగి మరల పడవ మీదికే చేరినది.

మాట చేరినది గాని దాని అర్థం మాత్రం చేరలేదు. ఇప్పుడు మన రేవులలో ఏ మరపడవ కేబిన్ మీద చూచినా రెండో మూడో తెల్లని కడ్డీలు, ఒకటో రెండో పుట్టగొడుగుల వంటి బిళ్ళలు కనిపిస్తాయి. అందులో ఏది ఏమిటో ఆ పడవలో ప్రాణాలు పెట్టుకొని పోయేవారందరికీ తెలియదు. ఈ తెలియకపోవడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం. అది ఎందువల్లనో చెప్పడానికే ఈ టపా.

నా పూర్వవిద్యార్థి ఒకడు కాకినాడలో ఉంటాడు. వేరొక రాష్ట్రపు రేవు నుంచి ఇరవై మీటర్లు దాటిన పాత మరపడవ నొకదానిని కొన్నాడు. దాని కేబిన్ కప్పుమీద రెండు తెల్లని కడ్డీలు, ఒక చిన్న తెల్లని బిళ్ళ ఉన్నవి. బిళ్ళ జీపీఎస్‌ది. ఒక కడ్డీ వైర్‌లెస్ సెట్టుది. రెండవ కడ్డీ ఎందుకో అమ్మినవాడు చెప్పలేదు, కొన్నవాడు అడగలేదు. దాని కింద అంటించిన చీటీ మీది లిపి ఇతడికి రాదు. ఫోటో తీసి నాకు పంపి, ఫోను చేసినాడు.

“మాస్టారూ, నలుగురూ దాన్ని కోసి పారేయమంటున్నారండి. గాలికి ఊగడం తప్ప దానివల్ల ఏ ఉపయోగమూ లేదంటున్నారండి.”

“నన్నెందుకు అడుగుతున్నావు నాయనా? నేను తెలుగు పంతులును గదా.”

“తెలియని మాటకు అర్థం ఎలా కనుక్కోవాలో తరగతిలో చెప్పేవారు కదండీ. ఇదీ అలాంటిదే కదా అనిపించిందండి.”

వాడు చెప్పినదాంట్లో చాల నిజమున్నది. మన శాస్త్రకారులు ఒక పదానికి అర్థం తెలియజేసే సాధనాలను ఎనిమిదింటిని లెక్కించినారు. వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివరణము, సిద్ధపద సాన్నిధ్యము. భాషాప్రవీణ చదివినవారందరూ ఏదో ఒక పరీక్షలో వీటిని వల్లించి ఉంటారు. పడవ మీది కడ్డీ కూడ ఒక పదం వంటిదే. ఎవరో ఒక ప్రయోజనం కోసం దానిని అక్కడ ‘ప్రయోగించి’నారు. ప్రయోక్త వెళ్ళిపోయినాడు, ప్రయోగం మిగిలి ఉన్నది. దాని అర్థం మనం కనుక్కోవలె.

మొదట వ్యాకరణం. యాంటెన్నాలకు వ్యాకరణం వాటి కొలత. రేడియో తరంగానికి పొడవు ఉంటుంది. మెగాహెర్ట్జులలో చెప్పిన పౌనఃపున్యంతో 300ను భాగిస్తే ఆ పొడవు మీటర్లలో వస్తుంది. కడ్డీ లోపలి తీగ సాధారణంగా అందులో సగమో, పాతికో ఉంటుంది. ఇదొక్కటే సూత్రం. దీనితో సగం సందేహాలు తీరుతాయి.

సముద్రంలో పడవలు మాటాడుకొనే వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్‌లో ఆపదకు, పిలుపుకు కేటాయించిన 16వ చానలు 156.8 మెగాహెర్ట్జుల మీద ఉన్నది. తరంగం 1.91 మీటర్లు. సగమంటే సుమారు 96 సెంటీమీటర్లు. అందుచేతనే ఆ కడ్డీలలో చాలభాగం మీటరుకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. ఉపగ్రహం ద్వారా ఆపదను తెలిపే బీకన్ 406 మెగాహెర్ట్జులలో పలుకుతుంది. తరంగం 74 సెంటీమీటర్లు గనుక దాని మీసం మూరెడులోపే. జీపీఎస్ సంకేతం 1575.42 మెగాహెర్ట్జులు. తరంగం 19 సెంటీమీటర్లు. దానిని పట్టే పింగాణి బిళ్ళ అరచేతిలో ఇముడుతుంది. అందుకే దానికి పుట్టగొడుగు రూపం. ఇక దూరసముద్రంలో వాడే 2182 కిలోహెర్ట్జుల వంటి పౌనఃపున్యాలకు తరంగం 137 మీటర్లు దాటుతుంది. పాతిక తీసుకున్నా 34 మీటర్లు. అంత కడ్డీని ఏ పడవా మోయలేదు. కనుక కొయ్య నుంచి వెనుకకు కట్టిన పొడవైన తీగనో, పొడవైన కడ్డీ మొదట్లో ఒక పెట్టె తగిలించియో పని జరుపుకుంటారు. పడవ మీద పొడవైన తీగకు పింగాణి గుండ్లు కట్టి ఉంటే అది బట్టలు ఆరవేసే దండెం కాదని గ్రహించవలె.

రెండవది ఉపమానం. గవయమంటే ఏమిటని అడిగితే ఆవువంటిదని చెప్పి అడవికి పంపుతారు. అలాగే గుండ్రని డబ్బా లేక తిరిగే పలక కనిపిస్తే అది రాడారు కావచ్చును. కొన్ని అడ్డుకడ్డీలు ఒక వరుసలో చేపముల్లు వలె ఉంటే పాత దూరదర్శన్ యాంటెన్నాను తలచుకోవచ్చును. వలయంగా వంగిన తీగ ఉంటే సంకేతం ఏ దిక్కు నుంచి వస్తున్నదో కనిపెట్టేది కావచ్చును. కాని ఉపమానం దారి చూపుతుందే తప్ప తీర్పు చెప్పదు. తెల్లని పెద్ద గుమ్మటం లోపల ఉపగ్రహ ఫోను ఉండవచ్చును, టీవీ ఉండవచ్చును. విలాసనౌకల మీద రెండు వైపులా సమానంగా కనిపించడానికై ఏమీ లేని ఉత్త గుమ్మటాలను కూడ నిలబెడతారు. మన పద్యాలలో పాదపూరణానికి వేసే అవ్యయాల వంటివి అవి. వాటికి అర్థం వెతకబోతే శ్రమయే మిగులుతుంది.

మూడవది సాన్నిధ్యం. మామిడికొమ్మ మీద పికము తీయగా కూస్తున్నదంటే, పికమనే మాట ఎన్నడూ విననివాడు కూడ అది కోయిల అని ఊహించగలడు. పక్కనున్న తెలిసిన మాటలు తెలియని మాటను వెలిగిస్తాయి. మావాడి పడవలో ఈ న్యాయం కొంత సాయపడినది, కొంత తికమక పెట్టినది. పక్కనున్న కడ్డీ వైర్‌లెస్‌ది. రెండూ ఒకే పొడవు, ఒకే రంగు, ఒకే లావు. కనుక రెండవది కూడ వైర్‌లెస్‌దే, మొదటిది చెడితే వాడుకొనేందుకు అట్టిపెట్టినది అని సరంగు తేల్చినాడు. వినడానికి బాగానే ఉన్నది.

ఇక్కడ ఛందస్సు చదువుకున్నవారికి ఒక సంగతి స్ఫురించవలె. ఉత్పలమాలకు పాదానికి ఇరవై అక్షరాలు. మత్తేభవిక్రీడితానికీ ఇరవైయే. అక్షరాలు లెక్కపెట్టి ఇది ఉత్పలమాల అని చెప్పినవాడు ఒక్కొక్కసారి గెలుస్తాడు, ఒక్కొక్కసారి ఓడుతాడు. గణాలు విడదీసి చూస్తే తప్ప నిజం తేలదు. వైర్‌లెస్ 156 మెగాహెర్ట్జుల దాపున ఉంటే, పడవ తన గుర్తింపును తానే చాటుకొనే ఏఐఎస్ అనే వ్యవస్థ 161.975, 162.025 మెగాహెర్ట్జుల మీద పనిచేస్తుంది. రెండింటి అర్ధతరంగాలకు తేడా సుమారు మూడు సెంటీమీటర్లు. పైని తొడుగు చూచి ఆ తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు. రూపం ఒకటే, అర్థం వేరు.

అటువంటప్పుడు గణవిభజన ఏది? నాలుగవ సాధనమైన వ్యవహారమే. పెద్దవాడు ‘ఆవును తెమ్ము’ అనగా చిన్నవాడు పోయి ఆవును తెస్తాడు. పక్కనున్న పసివాడు అది చూచి ఆవు అంటే ఏమిటో నేర్చుకుంటాడు. మాట చివర ఏ పని జరిగినదో చూడవలె. యాంటెన్నా చివర ఏ యంత్రం ఉన్నదో చూడవలె. కడ్డీని కాదు, కడ్డీ నుంచి దిగిన తీగను పట్టుకొని పొమ్మని మావాడికి చెప్పినాను. కోయవద్దు, లాగవద్దు, ఏ మరనూ ఊడదీయవద్దు, ఉత్త చేతితో తడుముకుంటూ పో అన్నాను.

తీగ కేబిన్ లోపలికి దిగి, మంచంబల్ల కిందుగా పోయి, ఒక నల్లని చిన్న పెట్టెలో చేరినది. పెట్టెకు తెర లేదు, మాటాడే గొట్టం లేదు. రెండు చిన్న దీపాలు, ఆరిపోయి ఉన్నవి. పెట్టె నుంచి ఇంకొక తీగ జీపీఎస్ బిళ్ళ వైపు పోయినది. మాట చెప్పే గొట్టం లేదు గనుక వైర్‌లెస్ కాదు. తన స్థానం తెలుసుకొనే తీగ ఉన్నది గనుక ఆ స్థానాన్ని ఎవరికో చెప్పేది. పెట్టె అడుగున వివరణం కూడ దొరికినది. తొమ్మిది అంకెల సంఖ్య, మొదటి మూడు అంకెలు 419. అది భారతదేశపు నౌకలకు ఇచ్చే గుర్తు. దానితో సందేహం తీరిపోయినది. ఆ కడ్డీ ఏఐఎస్‌ది.

ఈ ఏఐఎస్ చేసే పని చూడండి. పడవ పేరు, ఆ తొమ్మిది అంకెలు, అది ఉన్న చోటు, పోయే దిక్కు, వేగం అన్నీ దానంతట అదే చుట్టుపక్కలకు చాటుతుంది. చిన్న పడవలకు వాడే తరగతి యంత్రమైతే పడవ నడుస్తున్నప్పుడు స్థానాన్ని అర నిమిషానికొకసారి పలుకుతుంది. రాత్రివేళ ఎదురుగా వచ్చే పెద్ద ఓడ తన తెరమీద దీనిని చూచి తప్పుకోగలదు. 2008 నవంబరు 26న ముంబయి మీద దాడి చేసినవారు గుజరాతుకు చెందిన ‘కుబేర్’ అనే చేపలపడవను వశపరచుకొని వచ్చినారు. ఆ తరువాత తీరరక్షణ చర్యలలో భాగంగా ఇరవై మీటర్లకు మించిన చేపల పడవలకు ఈ వ్యవస్థ ఉండవలెనని నిర్ణయించినారు. అనగా నలుగురూ కోసి పారేయమన్న ఆ కడ్డీ, ఓడ వచ్చి గుద్దకుండ పడవను కాపాడేదీ, చట్టం ఉండవలెనన్నదీ కూడ.

ఇంతటితో కథ కంచికి పోలేదు. ఆ పెట్టెకు కరెంటు ఇచ్చి చూస్తే అది పలికేది పాత యజమాని పెట్టిన పాత పేరునే. సముద్రంలో ఏదైన ప్రమాదం జరిగితే వెతికేవారు లేని పడవ కోసం వెతుకుతారు. లేని పడవ యజమాని ఇంటికి ఫోను పోతుంది. పేరు, సంఖ్య అధికారుల ద్వారా, తెలిసిన పనివాని చేత మార్పించేవరకు దానిని అలాగే ఉంచమని అక్కడివారు చెప్పినారట. అర్థం తెలియని పదాన్ని తీసివేయడమొక దోషం. తెలియకుండ వాడడం మరొక దోషం. రెండింటికీ సముద్రం మీద శిక్ష ఒకటే.

ఇప్పుడు నా అసలు మాటకు వస్తాను. ఒక తెలియని యాంటెన్నాను చూచినప్పుడు అది ఏ జాతిది, ఏ కంపెనీది, ఏ పౌనఃపున్యానిది అని అడగడం మంచిదే. కాని పడవలో పోయేవాడు ముందుగా అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది. అది చెవియా, నోరా? వింటుందా, పలుకుతుందా, రెండూ చేస్తుందా? పలికితే ఎవరికి వినిపిస్తుంది? ఎంత దూరం వినిపిస్తుంది?

జీపీఎస్ బిళ్ళ ఉత్త చెవి. ఆకాశంలోని ఉపగ్రహాలు చెప్పేది విని, నీవు ఇక్కడ ఉన్నావని నీకు మాత్రమే చెబుతుంది. నీవు ఇక్కడ ఉన్నావని ఒడ్డున ఎవరికీ చెప్పదు. కాని ‘ఉపగ్రహంతో సంబంధం ఉన్నది’ అనే ఒక్క మాట విని, ఆ బిళ్ళ ఉంటే చాలు, ప్రభుత్వం వారికి మన జాడ తెలుస్తుందని నమ్మేవారున్నారు. చదువుకున్నవారిలో కూడ ఈ భ్రమ లేకపోలేదు. చెవిని నోరనుకొని నడిసముద్రంలో దానిమీద ఆశ పెట్టుకోవడం కంటె ప్రమాదం ఏముంటుంది?

వైర్‌లెస్ కడ్డీకి చెవి, నోరు రెండూ ఉన్నవి. కాని దాని కేక ఆకాశానికి పోదు, దిక్చక్రం దాటి ఎంతో దూరం పోదు. నాలుగు మీటర్ల ఎత్తున కడ్డీ ఉన్న పడవ మాట అదే ఎత్తున్న మరొక పడవకు సుమారు 16 కిలోమీటర్ల వరకు అందుతుంది. ఒడ్డున 50 మీటర్ల స్తంభం ఉంటే సుమారు 37 కిలోమీటర్లు. సముద్రం గుండ్రంగా ఉండడం వల్ల వచ్చిన లెక్క ఇది. ఎంత ఖరీదుపెట్టి కొన్నా మారదు. కడ్డీని కేబిన్ మీదినుంచి కొయ్య చివరికి ఎక్కిస్తే మాత్రం కొంత పెరుగుతుంది. ఎందుకు ఎత్తున కట్టినారో తెలియనివాడు, గాలికి ఊగుతున్నదని దానిని కిందికి దించుతాడు. దించిన మాత్రాన సెట్టు చెడదు. దగ్గరి పడవతో మాట బాగానే కలుస్తుంది. కనుక జరిగిన నష్టం ఆపద వచ్చేవరకు తెలియదు.

నావ్‌టెక్స్ అనే మరొక వ్యవస్థ ఉన్నది. 518 కిలోహెర్ట్జుల మీద తుపాను హెచ్చరికలను అక్షరాల రూపంలో పంపుతుంది. మన కాకినాడ పక్కనున్న వాకలపూడిలో కూడ దాని కేంద్రం ఉన్నది. పడవ మీది దాని యాంటెన్నా ఉత్త చెవి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ 2019లో ‘జెమిని’ అనే పరికరాన్ని ప్రవేశపెట్టినది. ఉపగ్రహం ద్వారా వచ్చే తుపాను హెచ్చరికలను, చేపలు దొరికే చోట్ల సమాచారాన్ని అది అందుకుంటుంది. అదీ చెవియే. తిరిగి పలుకలేదు. ఇస్రో వారి ఆపద సూచిక డాట్ 2010 నుంచి వాడుకలో ఉన్నది. ఇరవైవేలకు పైగా పడవలకెక్కినది. అది ఉత్త నోరు. మీట నొక్కితే సంకేతం ఉపగ్రహం గుండా కేంద్రానికి, అక్కడినుంచి తీరరక్షక దళం వారి గాలింపు కేంద్రాలకు పోతుంది. కాని ‘విన్నాము’ అనే బదులు మాట దానికి వచ్చేది కాదు. మీట నొక్కినవాడు నీళ్ళలో కూర్చొని, తన కేక ఎవరికైన చేరినదో లేదో తెలియక చూడవలసి వచ్చేది. ఈ బాధ గ్రహించి 2024 జనవరిలో వచ్చిన రెండవ తరం డాట్‌లో బదులు వచ్చే ఏర్పాటు చేసినారు. కేంద్రం పంపిన మాటలను సెల్‌ఫోనులో స్వభాషలో చదువుకొనే వీలు కూడ కల్పించినారు. నోటికి చెవి తోడైనదన్నమాట.

చచ్చిన యాంటెన్నాల సంగతి కూడ చెప్పవలె. పాత పడవల మీద దిక్కు చూపిన ఒమెగా వ్యవస్థ 1997 సెప్టెంబరు 30తో ఆగిపోయినది. 121.5 మెగాహెర్ట్జులలో పలికే పాత ఆపద బీకన్‌లను ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1తో మానివేసినవి. ఆ బీకన్ ఇప్పటికీ దీపం వెలిగిస్తుంది, సంకేతం పంపుతుంది. వినే ఉపగ్రహం మాత్రం లేదు. మన అరసున్నను తలచుకోండి. ఉచ్చారణలో పోయినా పాత పుస్తకాలలో నిలిచి ఉన్నది. పుస్తకంలో ఉన్న అరసున్న ఎవరి ప్రాణాన్నీ తీయదు, సరికదా పదం పుట్టుకను చెబుతుంది. పడవ మీది చచ్చిన నోరు అటువంటిది కాదు. అది బతికి ఉన్నదనుకొని నమ్మినవాడు దానితోబాటు మునుగుతాడు.

1996 నవంబరు 6న కాకినాడ దాపున తీరం దాటిన తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయినారు. సముద్రం మీదికి వేటకు పోయి తిరిగి రాని మత్స్యకారులు వారిలో ఎందరో ఉన్నారు. ఆనాడు వినే చెవి పడవలలో అరుదు. 2018 నవంబరులో గుజరాతు పడవలలో కూలికి పోయిన మన శ్రీకాకుళం, విజయనగరం వారిని, తమ జలాలలోనికి వచ్చినారని పాకిస్తాను వారు పట్టుకొని జైలులో పెట్టినారు. వారిలో ఇరవైమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు గుండా ఇల్లు చేరినారు. 2025లో వచ్చిన ‘తండేల్’ చలనచిత్రం వలన ఈ సంగతి చాలమందికి తెలిసినది. మన ఉత్తరాంధ్రవారు పరాయి తీరాలలో, పరాయి భాష రాసిన పడవలలో బతుకుతున్నారనే సత్యాన్ని మాత్రం నేను ఇక్కడ గుర్తుచేయదలచినాను. కేబిన్ మీది చీటీ గుజరాతీలోనో ఇంగ్లీషులోనో ఉంటే అది వారికి లేనట్లే.

పైగా ఇది తగ్గే సమస్య కాదు, పెరిగేది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద లక్ష చేపల పడవలకు ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్లు అమర్చే కార్యక్రమం 2024లో ప్రారంభమైనది. మంచి పనే. లక్ష పడవల మీద లక్ష కొత్త వస్తువులు వెలుస్తాయి. పడవలు చేతులు మారుతాయి. సరంగులు మారుతారు. అమర్చినవాడు చెప్పిన మాట మొదటి యజమానితోనే ఆగిపోతుంది. పదేళ్ళ తరువాత ఎవరో ఒకరు కేబిన్ మీదికి చూచి ‘ఇదేమిటి?’ అంటారు. నలుగురు ‘కోసి పారెయ్యి’ అంటారు.

కనుక నేను కోరేది చాల చిన్నది. పడవ మీద ఏ యాంటెన్నాను అమర్చినా దాని మొదట్లో, దాని పెట్టె మీద, నీటికి చెరగని తెలుగులో మూడు పంక్తులు రాయవలె. ఇది వింటుందా, పలుకుతుందా. పలికితే ఎవరికి వినబడుతుంది. చెడితే ఎవరికి చెప్పవలె. అమర్చేవాని బిల్లులో ఇది భాగం కావలె. పడవను అమ్మేటప్పుడు ఇంజను కాగితాలతోబాటు ఈ వివరం కూడ చేతికి ఇవ్వవలె. ఒడ్డున ఉన్న కుటుంబానికి కూడ ఒక ప్రతి ఉండవలె. తీరరక్షక దళం వారి 1554 సంఖ్య దానిమీద ఉంటే మరీ మంచిది. ఇతర తీరాలలో మనవారు పనిచేసే పడవల మీద, ఆ ప్రాంతపు భాషతోబాటు తెలుగు కూడ ఉండవలెనని మన ప్రభుత్వం అడగవచ్చును.

దీనికి ఇద్దరు ఆక్షేపణ చెప్పగలరు. మొదటివారు, మత్స్యకారులకు ఇవన్నీ అనుభవం మీద తెలుస్తాయి, పంతుళ్ళు చెప్పనక్కరలేదు అంటారు. నీటి రంగు, గాలి వాలు, చుక్కల దారి వారికి తెలిసినట్లు నాకు ఏడు జన్మలకూ తెలియదు. ఒప్పుకుంటాను. కాని అనుభవం నేర్పేది పదేపదే జరిగేదానిని మాత్రమే. ఆపద సూచిక మీటను మనిషి జీవితంలో ఒక్కసారి నొక్కుతాడు, లేదా అసలే నొక్కడు. ఒక్కసారి జరిగేదానిని అనుభవం నేర్పలేదు. దానికి ఆప్తవాక్యమే కావలె. ఆ ఆప్తుడు పక్కన లేనప్పుడు చీటీయే ఆప్తుడు.

రెండవవారు మనలోనే ఉన్నారు. ముందు యాంటెన్నాకు, ట్రాన్స్‌పాండరుకు చక్కని తెలుగు మాటలు కల్పించవలె, తరువాత చీటీలు రాయవచ్చును అంటారు. పదకల్పన మీద నాకు ద్వేషం లేదు. కూడలి రోజుల నుంచి మనమందరం దానిమీద ఎన్నెన్ని చర్చలు చేసుకోలేదు! అయినా ఈ విషయంలో నా ఓటు రేవులో వాడే మాటకే. ‘వైర్‌లెస్’ అంటే సరంగుకు అర్థమవుతుంది. ‘నిస్తంత్రీవార్తాగ్రాహక ప్రసారిణి’ అంటే నాకు ఆనందం కలుగుతుంది గాని అతనికి ఏమీ తెలియదు. పేరు ఏదైన కానీయండి. పేరు పక్కన ‘ఇది వింటుంది, పలుకదు’ అనే రెండు క్రియలు ఉంటే చాలు. ఆ రెండు క్రియలూ అచ్చతెలుగువే. వాటికోసం ఏ నిఘంటువూ తిరగవేయనక్కరలేదు.

చేతికి ఒక పాత పడవ వచ్చిన వారికి మరొక్క మాట. తెలియని కడ్డీ కనబడితే దానిని కోయకండి. తీగ వెంట పోయి పెట్టెను చూడండి. పెట్టె మీది అంకెలను ఫోటో తీయించండి. తీగ ఊడి ఉన్న సెట్టు మీట నొక్కి మాటాడకండి, సెట్టే దెబ్బ తింటుంది. ఆపద మీటను పరీక్షకోసం నొక్కకండి, మీకోసం పడవలు బయలుదేరుతాయి. పక్క పడవలోని ముసలి తండేలును అడగండి. ఆ పిమ్మట యంత్రం తెలిసినవానిని పిలవండి.

తీరప్రాంతాలలో ఉన్న బ్లాగ్మిత్రులు, ముఖ్యంగా విశాఖ, నిజాంపట్నం, కృష్ణపట్నం వైపువారు, తమ రేవులలో ఈ వస్తువులను ఏయే పేర్లతో పిలుస్తారో వ్యాఖ్యలలో రాయవలసినదిగా ప్రార్థన. ఏ పేరును ఏ కడ్డీకి వాడుతున్నారో, అది చెవియో నోరో కూడ రాస్తే, మూడు పంక్తుల చీటీకి ఒక నమూనా మనమే తయారుచేయవచ్చును. ఎవరైన అచ్చువేయించి రేవులో పంచితే నా పేరు వేయనక్కరలేదు.

స్వస్తి.